చెవికింత చొప్పున ఒక నవల

లైబ్రేరియన్‌కు పుస్తకాలతో పనేమిటి? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. దర్జీకి గుడ్డతో పని ఉంది కాబట్టి లైబ్రేరియన్‌కు పుస్తకంతో పని ఉండాలనుకోవడం తాతల నాటి మూఢనమ్మకం. దాన్ని వదిలించడానికి ఒక మహోపకారం మన కాలంలో దిగివచ్చింది. దాని పేరు ఎలక్ట్రానిక్ లైసెన్సు. దేశదేశాల లైబ్రేరియన్లు ఇప్పుడు దాని మీద నైపుణ్యం పెంచుకుంటున్నారు. పెంచుకోవాలి కూడా!

నమ్మనివాళ్లు మా లోమా క్లారా మునిసిపల్ గ్రంథాలయానికి రండి. అక్కడి ఒనేలియా తవారెస్‌ను చూడండి.

ఒనేలియా వయసులో ఉన్నప్పుడే ఆ కుర్చీలో కూర్చుంది. జుట్టు నెరిసేదాకా ఏం నేర్చుకుంది? ఊడిన అట్టకు జిగురు పూయడం. వానలు వెనకబట్టాక పుస్తకాల్ని మేడ మీద ఆరబోయడం. ఎవరికి ఏది నచ్చుతుందో ముఖం చూసి చెప్పడం. వీధి మూల కిరాణా కొట్టు నడిపే చేపేకు తన్నులాటలున్న పుస్తకం, వాడి పెళ్లానికి తన్నులు తిన్నవాడు కుమిలి ఏడ్చే పుస్తకం. ఇదీ ఒక చదువేనా? మనుషుల మీద కాస్త ప్రేమ ఉంటే ఎవరికైనా వచ్చేస్తుంది. ఉచితంగా వచ్చేదానికి విలువేముంది?

మేయరుగారు కళ్లు తెరిచారు. కాగితపు పుస్తకాలు కొనడం ఆపించారు. ఉన్నవాటిని తూకానికి అమ్మించారు. "డిజిటల్ గ్రంథాలయం" అని బోర్డు రాయించి, నాలుగు ట్యాబులు తెప్పించి, ఒనేలియాను రాజధాని శాంటో డొమింగోకు శిక్షణకు పంపారు. ఎలక్ట్రానిక్ పుస్తకానికి లైసెన్సు ఎలా తీసుకోవాలి, దాన్నిచ్చే కంపెనీతో ఎలా మాట్లాడాలి, ఒప్పందంలో ఏ షరతు, అంటే ఏ క్లాజు, ఎక్కడ కరుస్తుంది అన్నదే శిక్షణ.

వెళ్లేటప్పుడు మనిషిలా వెళ్లింది. వచ్చేటప్పుడు సగం వకీలుగా దిగింది. బస్సు దిగీ దిగగానే అరటికాయలకు చేపే కొట్టుకు వెళ్లింది.

"ఎంతకిస్తున్నావని కాదు చేపే, ఏమిస్తున్నావని అడుగుతున్నాను," అంది. "కాయలే ఇస్తున్నావా, తినడానికి అనుమతి మాత్రం ఇస్తున్నావా?"

"రాజధాని నీళ్లు పడలేదు నీకు," అన్నాడు చేపే. "ఉడకేసుకుని తిను తల్లీ. మిగిలితే రేపు తిను."

"రేపు తినే హక్కు రాసిస్తావా?"

"తొక్క కూడా నీదే. పో ఇంటికి."

చూశారా? చేపే లాంటివాళ్ల వల్లే లోకం ఇలా ఉంది. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవాడిదేనని వీళ్లు ఇంకా నమ్ముతున్నారు!

ఇక డిజిటల్ గ్రంథాలయం లాభాలంటారా, ఎన్నని చెప్పను. చెదపురుగులు తిండి లేక పక్కనున్న చర్చికి వలసపోయాయి. దుమ్ము దులిపే పని తప్పింది. కరెంటు పోతే కలవాడూ లేనివాడూ అందరూ సమానంగా చదువు మానేస్తారు. మా ఊళ్లో ఈ సమానత్వం దాదాపు రోజూ వస్తుంది.

పాత పుస్తకాలకు సిగ్గు ఉండేది కాదు. అట్ట పోయి, అంచులు నలిగి, కాఫీ మరకలు పడి కూడా నలభై ఏళ్లు బతికేవి. ఈ-పుస్తకం అలా కాదు. ఇరవై ఆరుసార్లు అరువిచ్చాక ప్రాణం విడుస్తుంది. ఒక్క పేజీ చినగదు, ఒక్క అక్షరం మాయదు, నిండు యవ్వనంలో పోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. ఎంత హుందా చావు!

పైగా ఒక పుస్తకం ఒక్కసారికి ఒక్కరికే. వెయ్యిమంది ఒకేసారి చదివినా అరగని వస్తువును ఒక్కరికే ఎందుకివ్వాలి అని తిక్క ప్రశ్నలు వేసేవాళ్లున్నారు. ఎందుకేమిటి? ఓపిక నేర్పడానికి. ఈ జాతికి లేనిదే అది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మా ఊళ్లో చుట్టల కార్ఖానా ఉంది. నూట ఎనభై మంది వరసల్లో కూర్చుని పొగాకు చుడతారు. చేతులకు పని ఉంటుంది గానీ చెవులు ఖాళీ. ఖాళీ చెవికి పుకార్లే తిండి. అందుకని ముత్తాతలు ఒక ఏర్పాటు చేసి పోయారు. హాలు మధ్య ఎత్తైన అరుగు, దాని మీద కుర్చీ, కుర్చీలో చదివే మనిషి. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. ఏ నవలో యజమాని చెప్పడు. గోడకున్న పలక మీద పుస్తకాల పేర్లు రాస్తారు, ఎవరికి ఏది కావాలో దాని కింద తమ పేరు గీకుతారు. పేర్లు ఎక్కువ పడ్డ పుస్తకం గెలుస్తుంది. చదువుతుంటే నచ్చిందా, ఆకు కోసే రేకు కత్తులతో బల్లల మీద టకటకలాడిస్తారు. నచ్చలేదా, కత్తి నేల మీద పడేస్తారు. ఆ చప్పుడు వింటే రాసినవాడు ఎక్కడున్నా ఉలిక్కిపడాలి.

ఆ కుర్చీలో ఇప్పుడున్నది దోన్ ఫెర్మీన్, మీ లెక్కలో ఫెర్మీన్‌గారు. దుర్మార్గుడికొక గొంతు, విధవరాలికొక గొంతు, నోటరీకి ముక్కుతో మాట్లాడే గొంతు. అయితే ఈ ఏడాది యజమానికి ఒక ఆలోచన వచ్చింది. లౌడ్‌స్పీకర్లు కొన్నాడు. "ఇది దగ్గదు, దాహం అనదు, సెలవడగదు," అన్నాడు. పనివాళ్లు ఒప్పుకోలేదు, ఓటు పెట్టమన్నారు. ఊరి పండగకు ముందు శుక్రవారం ఓటు. కుర్చీ ఉండాలా, స్పీకరు ఉండాలా? అప్పటికి నవల రసపట్టులో ఉంటే తన కుర్చీ నిలుస్తుందని దోన్ ఫెర్మీన్ లెక్క. ఊళ్లో పుస్తకం అనేది బతికున్నది ఆ కుర్చీలోనే, అది పోతే తన గ్రంథాలయం ఉన్నా లేనట్టేనని ఒనేలియా దిగులు. ఇంత శిక్షణ పొందినా ఈ బలహీనత పోలేదు ఆవిడకు.

పలక మీద గెలిచిన నవల గ్రంథాలయంలో ఈ-పుస్తకంగా మాత్రమే ఉంది. ఉప్పుమడుల కోసం దావాలేసుకున్న ముగ్గురు అక్కచెల్లెళ్ల కథ. ఒనేలియా దాన్ని ట్యాబులో పెట్టి దోన్ ఫెర్మీన్‌కు అరువిచ్చింది. అరువు రెండు వారాలు. రెండు వారాల మధ్యాహ్నాలూ కత్తులు టకటకలాడాయి. ఆఖరి మధ్యాహ్నం, నోటరీ ఇంట్లో, అందరి ముందూ, నడిమి చెల్లెలు బావగారి మీదికి చేయి ఎత్తింది. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండగా ట్యాబు తెల్లబోయింది. మీ అరువు గడువు ముగిసింది అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

"ఎత్తి?" అంది ముందు వరసలో జునిల్డా. నోరున్న మనిషి. మాటకు మాట బాకీ పెట్టదు.

"ఎత్తింది, అంతే," అన్నాడు దోన్ ఫెర్మీన్.

"కొట్టిందా లేదా చెప్పు. ఆకు చేతిలో ఎండిపోతోంది."

"నాకు తెలిస్తే కదమ్మా. ఇది తలుపేసుకుంది."

"ఇన్నాళ్లు దగ్గర పెట్టుకుని ఇంటి దగ్గర ముందే చదివి చావలేదా?"

"నేనెప్పుడూ ముందు చదవను జునిల్డా. మీతో పాటే నేనూ."

ట్యాబు కింది భాగంలో ఇంకో ముక్క కనిపించింది. ఈ పుస్తకం కావలసినవాళ్లు క్యూలో పేరు నమోదు చేసుకోవాలట. దోన్ ఫెర్మీన్ అది పైకి చదివాడు. పేరు నమోదు! మావాళ్లకు అర్థమైపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాళ్లకు తెలిసింది ఒకటే. పుస్తకం కింద ఎన్ని పేర్లు పడితే ఆ పుస్తకానికి అంత బలం.

మర్నాడు గ్రంథాలయం ముందు జనం. నూట ఎనభై మందీ వచ్చారు, కొందరు అత్తగార్లను కూడా తెచ్చారు. అందరికీ సభ్యత్వ కార్డులు, అందరి పేర్లూ ఆ ఒక్క నవలకే. ఒనేలియాకు కళ్లు చెమర్చాయి, ఊరికి చదువు మీద ఇంత మోజా అని. సగం వకీలు కూడా ఆ పూట వకీలుతనం మరిచిపోయింది. మేయరుగారు ఫొటో దిగి వెళ్లారు. దోన్ ఫెర్మీన్ మర్యాదస్తుడు, "ముందు ఆడవాళ్లు కానివ్వండి, తర్వాత పెద్దవాళ్లు," అని అందర్నీ పంపి చిట్టచివర తన పేరు రాశాడు.

సాయంత్రం ఒనేలియా ట్యాబు తెరిచి చూసి నెత్తి పట్టుకుంది. మనిషికి రెండు వారాలు. దోన్ ఫెర్మీన్ వంతు రావడానికి ఏడేళ్లు. ఆలోగా పుస్తకం ఇరవై ఆరుసార్లు అరువు పోయి చచ్చి ఎప్పుడో మట్టిలో కలిసిపోతుంది.

దోన్ ఫెర్మీన్‌ను పిలిచి చెప్పింది.

"ఏడేళ్లా?" అన్నాడాయన. "అంతసేపు చేయి ఎత్తి ఉంచితే తిమ్మిరెక్కదూ పాపం."

"నవ్వులాట కాదు దోన్ ఫెర్మీన్. ఓటు దగ్గరికొచ్చింది. నీ కుర్చీ సంగతి చూడు."

"కుర్చీదేముంది తల్లీ. స్పీకరుకు కుర్చీ అక్కర్లేదు. దాన్ని గుమ్మం పక్క వేసుకుని కూర్చుంటాను." అని నవ్వి, తన దగ్గరున్న ట్యాబు ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అది చూసి ఒనేలియా కంపెనీకి ఫోను చేసింది. క్యూ కొంచెం సర్దండి బాబూ అని అడిగింది. ఒక్క కార్ఖానాలో ఇంతమందికి ఒకే పుస్తకం ఎందుకు కావలసివచ్చిందని వాళ్లడిగారు. లైబ్రేరియన్లకు అబద్ధం నేర్పే శిక్షణ ఇంకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒకరు చదువుతారు, అందరూ వింటారు అని.

అవతల ఫోను పెట్టేశారు. తర్వాత పుస్తకానికి తాళం పడింది.

రెండు రోజుల్లో కంపెనీ మనిషి దిగాడు. పేరు రెనే ఉర్బానెహా. సెంటు వాసన, మెత్తటి మాట. మంచివాడే, ఎక్కడా కసరలేదు.

"లైసెన్సు ఒక్కరికిచ్చాం మేడం. చదివింది ఒక్కరే, ఒప్పుకుంటాను. విన్నవాళ్లందరూ మాకు తెలియకుండా విన్నారు. కేసు పెట్టం. వినడానికి వేరే లైసెన్సు ఉంది. చెవికింత అని."

ఇక్కడ చూడాలి మన ఒనేలియా నైపుణ్యం. శిక్షణ వృథా కాలేదు. కుర్చీ ముందుకు లాక్కుంది.

"మనిషికి ఎన్ని చెవులు లెక్క?"

"రెండు మేడం."

"ఒక చెవిన పడ్డ ముక్కే రెండో చెవిన పడుతుంది. కొత్తదేం వినబడదు. మనిషికి ఒకటే రాయండి."

రెనే ఆలోచించి ఒకటే రాశాడు.

"ఫ్యాన్ల కింద కూర్చునేవాళ్లకు సగమే వినబడుతుంది."

"సగం చెవి."

"తిండి తిన్నాక వెనక వరస నిద్రపోతుంది."

"నిద్రపోయినట్టు సూపర్‌వైజరు సంతకం చేయాలి."

"ఇంటికెళ్లి పిల్లలకు ఆ కథ చెబితే?"

"అది తిరిగి ప్రసారం కిందికొస్తుంది మేడం. దానికి వేరే రేటు."

"కలలోకి వస్తే?"

రెనే కలం ఆపాడు. "దానికి మా దగ్గర క్లాజు లేదు. రాజధానిలో అడిగి చెబుతాను."

ఇలా సాయంత్రం దాకా బేరమాడి, కంపెనీ అడిగినదాన్ని సగానికి దించింది. నలభై ఒక్క పేజీల ఒప్పందం తయారైంది. సంతకం ఒక్కటే బాకీ. ఈ ప్రాంతంలో ఇంత తక్కువకు చెవులు ఇప్పించిన లైబ్రేరియన్ ఇంకొకరు లేరని రెనే స్వయంగా అన్నాడు. మరి పుస్తకాలు ఆరబోసుకునే రోజుల్లో ఈ ప్రతిభ ఎక్కడ దాక్కుందో!

శుక్రవారం వచ్చింది. ఒనేలియా ఆ ఒప్పందం పట్టుకుని కార్ఖానాకు పరుగెత్తింది, కాస్త ఆగండి, పుస్తకం వస్తోంది అని చెప్పడానికి. అప్పటికే యజమాని స్పీకర్లు బిగించి ఒక పాట వేసి చూపించాడు. అరుగు మీద దోన్ ఫెర్మీన్ వట్టి చేతులతో కూర్చున్నాడు. చదవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"ఆ చేతిలోదేంటి?" అంది జునిల్డా.

"ఒప్పందం. సంతకం పెట్టగానే మీ నవల మీకొస్తుంది."

"ఇంత లావుందే. ఆయనకియ్యి, చదువుతాడు. ఓటు ముందు ఏదో ఒకటి వినాలిగా."

దోన్ ఫెర్మీన్ కళ్లజోడు తుడుచుకున్నాడు. మొదటి పేజీ తిప్పగానే ఆయనకు తోవ దొరికింది. కంపెనీకి దుర్మార్గుడి గొంతు ఇచ్చాడు. గ్రంథాలయానికి చిన్న చెల్లెలి గొంతు. క్లాజుల నంబర్లు నోటరీ ముక్కుతో.

"కంపెనీ తనకు తోచినప్పుడు ఏ పుస్తకాన్నయినా వెనక్కి తీసుకొనవచ్చును. కారణం చెప్పనక్కరలేదు. గ్రంథాలయము అడగరాదు."

"వీడు నా మొదటి మొగుడు," అంది జునిల్డా.

హాలంతా నవ్వు. కత్తులు టకటకలాడాయి.

"గ్రంథాలయము ఎంత చెల్లించినను పుస్తకము గ్రంథాలయమునకు చెందదు. చెల్లింపు ఆగిన నాడు అంతకుముందు చెల్లించినది కూడా చెల్లనిదగును."

"ముందే చెప్పాగా, వాడే," అంది జునిల్డా మళ్లీ. "పేరు మార్చుకున్నాడంతే."

"నీ మొగుడు పోతూ పోతూ మంచమైనా వదిలాడే," అంది పక్క బల్ల ఆవిడ. "వీడు అది కూడా మోసుకుపోయేట్టున్నాడు."

ఆ చదువు హాలును ఒక ఊపు ఊపుతుంటే యజమాని కూడా స్పీకరు వైరు చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు. అప్పుడొచ్చింది చెవుల క్లాజు. మనిషికి ఒక చెవి. ఫ్యాను కింద సగం చెవి. నిద్రకు సంతకం. దోన్ ఫెర్మీన్ గొంతులేవీ మార్చలేదు. మామూలుగా తన గొంతుతోనే చదివాడు.

నవ్వు ఆగిపోయింది.

వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. "ఒనేలియా, నా చెవి అద్దెకిచ్చింది నువ్వేనా?"

"సగానికి దించాను బాబాయ్. మామూలుగా అయితే రెండింటికీ కట్టాలి."

"దించావులే. గట్టిదానివే. నా చెవి బేరం పెట్టేముందు నన్నొక మాట అడగవూ?"

ఒనేలియా ఒప్పందం వెనక్కి తీసుకుందామని అరుగు వైపు చేయి చాపింది. అప్పుడు జునిల్డా కత్తి నేల మీద పడేసింది. తర్వాత పక్క బల్ల. తర్వాత వరస వరసంతా. నూట ఎనభై కత్తులు సిమెంటు మీద పడితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ హాల్లో ఉండాలి. రాసినవాడి సంగతి దేవుడెరుగు, బేరమాడినావిడ మాత్రం ఉలిక్కిపడింది.

ఓటు పెట్టారు. కుర్చీకి అన్ని పేర్లూ పడ్డాయి, ఒకటి రెండు తక్కువ. "స్పీకరును తిడితే తిరిగి మాట్లాడదు, దాంతో ఏం సుఖం," అన్నది ముసలాయన చెప్పిన కారణం. యజమాని స్పీకర్లు విప్పించి బావమరిది పెళ్లికి పంపాడు.

ఆ సాయంత్రమే ఒనేలియా రెనేకు ఫోను చేసింది. సంతకం పెట్టనంది.

"శిక్షణ పొందినవాళ్లు మీరు కూడా ఇలా అంటే ఎలా మేడం?" అన్నాడు రెనే, పాపం నిజంగానే బాధపడుతూ.

"శిక్షణలోనే చెప్పారు సారూ. బేరం కుదరకపోతే కుర్చీలోంచి లేవడం కూడా విద్యేనన్నారు. చివరి రోజు ఆఖరి పాఠం అది. అందరూ బస్సులకు వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే విన్నాను."

"ఒప్పందం రహస్యం కదా. దాన్ని నూట ఎనభై మందికి చదివించారట?"

"ఒక్కరే చదివారు సారూ. మిగతావాళ్లు ఊరికే విన్నారు."

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఇంత ప్రతిభ బూడిదలో పోసిన పన్నీరైంది. ఒనేలియా సాంటియాగో పట్నం వెళ్లి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడి దగ్గర ఆ నవల కాగితపు ప్రతి పట్టుకొచ్చింది. అట్ట లేదు. ఎవరిదో పేరు కొట్టేసి ఉంది. ఆ పుస్తకాలవాడు క్లాజు ఒక్కటీ చెప్పకుండా డబ్బు పుచ్చుకుని ఇచ్చేశాడు. దోన్ ఫెర్మీన్ పొడుగునా చదివాడు. నడిమి చెల్లెలు కొట్టిందో లేదో నేను చెబితే తిరిగి ప్రసారం కిందికొస్తుంది. ఎన్ని చెవులు విన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కిటికీ అవతల నిలబడి విన్నవాళ్లున్నారు. ఇంటికెళ్లి పిల్లలకు చెప్పినవాళ్లున్నారు. అన్నీ లైసెన్సు లేని చెవులే. పుస్తకం మాత్రం చావలేదు. ఇప్పుడు ఇంకెవరింట్లోనో ఉంది. ఎవరింట్లోనని అడిగితే, "ఎక్కడికి పోతుందిలే, వస్తుంది," అంటుంది ఒనేలియా. ఒకప్పుడు సగం వకీలు. ఏమైపోయిందో చూడండి.

మేయరుగారు మాట్లాడడం మానేశారు. రాజధానిలో మాకు వెనకబడిన గ్రంథాలయం అని పేరు పడింది. మా గతి మీకు పట్టకూడదు కాబట్టి హెచ్చరిస్తున్నాను. రేపే మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి ఒక పుస్తకం అడగండి. గడువు, క్యూ, పాస్‌వర్డు ఏమీ అడగకుండా, "ఇదిగో, చదివి ఇచ్చెయ్" అని చేతిలో పెడితే, అయ్యో, మీ ఊరు కూడా మునిగిపోయిందన్నమాట. పుస్తకం మాత్రం పట్టుకెళ్లండి. నలుగుర్ని కూర్చోబెట్టి గట్టిగా చదవండి.